స్కేలుబాబు గీసిన ఇంజను

సోమవారం ఉదయం స్కేలుబాబు వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. ఫ్యాక్టరీకి పది నిమిషాలు ముందుగా వెళ్ళాలి. శుక్రవారం బల్ల మీద మర్చిపోయి వచ్చిన ఒక డ్రాయింగు కాగితాన్ని ఎవరి కంటా పడకుండా మడిచి సంచీలో పెట్టుకోవాలి. తర్వాత ఏమీ ఎరగనట్టు కూర్చుని పంపుల డ్రాయింగులు గీసుకోవాలి. ఇంతే. కాకపోతే ఆ పది నిమిషాలనూ అతని వ్యాను మింగేసింది.

ఆ వ్యాను తలుపు లోపలినుంచి తెరుచుకోవడం మానేసి రెండేళ్ళయింది. అద్దం దించి, చెయ్యి బయటపెట్టి, బయటి పిడి లాగితేనే తెరుచుకుంటుంది. ఆ రోజు అద్దం కూడా దిగలేదు. పక్క సీటు మీదుగా పాకుదామంటే ఆ తలుపుకి తాడు కట్టి ఉంది, కట్టింది తనే. చివరికి సీట్ల మధ్యనుంచి వెనక్కి దూరి, సామాన్ల తలుపులోంచి వీపు ముందుగా దిగాడు. గేటు దగ్గరి కాపలాదారు దీన్నంతా శ్రద్ధగా చూసి, దిగాక నమస్కారం పెట్టాడు.

అతని అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా వినబడదు. నీళ్ళ పంపులు తయారుచేసే ఆ ఫ్యాక్టరీలో ఇరవై ఒక్క ఏళ్ళుగా డ్రాఫ్ట్స్‌మన్. చొక్కా జేబులో ఆరంగుళాల స్టీలు స్కేలు ఎప్పుడూ ఉంటుంది కాబట్టి స్కేలుబాబు అయ్యాడు. ఇంట్లో భోజనాల బల్ల మీద గ్లాసు ఎక్కడుండాలో కూడా కొలిచి పెట్టే మనిషి. అలాంటివాడు జీవితంలో ఒకే ఒక్క విషయంలో కొలత తప్పాడు. అది ఒక కారు.

అతనికి ఇరవై రెండేళ్ళప్పుడు పెట్రోలు బంకులో ఒక చిన్న ఎర్ర కారు వచ్చి పక్కన ఆగింది. జపాన్ బండి, రెండే తలుపులు, నడుమంత ఎత్తు. దాన్ని నడిపినాయన లోపలికెళ్ళి తిరిగొచ్చేదాకా, నాలుగు నిమిషాల పాటు, స్కేలుబాబు దాని పక్కనే నిలబడ్డాడు. వేడెక్కిన ఇంజను చల్లారుతూ టిక్ టిక్ మంటోంది. ముట్టుకోలేదు, ముట్టుకుంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాడు. అది పెద్ద షావుకార్ల బండి కాదు, ఉద్యోగం చేసుకునేవాడు కొనుక్కోగలిగే బండి. అందుకే మనసు దాని మీదే ఉండిపోయింది. తీరా ఉద్యోగం వచ్చేసరికి ఆ కంపెనీ దాన్ని చెయ్యడం మానేసింది. మళ్ళీ చేస్తుందని ఆ మర్నాటినుంచే పుకారు మొదలైంది. ఇప్పటికీ నడుస్తూనే ఉంది.

ఆ పుకారును పెంచి పోషించేవాళ్ళు పదకొండుమంది ఉన్నారు. వాళ్ళ ఫోన్ గ్రూపు పేరు ‘రెండు తలుపులు’. ఒకరి మొహం ఒకరు చూసి ఎరగరు గాని, ఇంజను ముందుంటుందా మధ్యలోనా, శక్తి వెనక చక్రాలకేనా, గేర్లు చేత్తో వేసుకునేవేనా అని ఆరేళ్ళుగా ఒకరి ప్రాణం ఒకరు తోడుకుంటున్నారు. అందులో ఒక పళ్ళ డాక్టరు మహా ఉత్సాహవంతుడు. కంపెనీవాళ్ళు ఈమధ్య గుడ్డ కప్పిన కారు వీడియో ఒకటి వదిలారు. పద్నాలుగు సెకన్లు. కనిపించేది గుడ్డే, వినిపించేది మాత్రం ఇంజను. ఆ చప్పుడు మూడు సిలిండర్లదా నాలుగు సిలిండర్లదా అని గ్రూపు రెండుగా చీలిపోయింది. స్కేలుబాబు మూడు సిలిండర్ల పక్షం. బండి తేలిగ్గా, చవగ్గా ఉండాలంటే మూడే ఉండాలని అతని వాదన.

నోటి మాటగా చెబితే ఎవరూ వినడం లేదని శుక్రవారం భోజనం వేళ ఆ ఇంజను దిమ్మను కాగితం మీద గీసేశాడు. మూడు సిలిండర్ల రంధ్రాలు, గోడల మందం, బోల్టుల చోట్లు, అన్నీ కొలతలతో సహా. అంతటితో ఆగినా సరిపోయేది. కానీ ఇరవై ఒక్క ఏళ్ళ అలవాటు మీద అతని చెయ్యి కుడివైపు కింద మూల పెట్టె కూడా గీసి నింపింది. ఫ్యాక్టరీ పేరు, వరసలో తర్వాతి నంబరు, లోహం పేరు, తేదీ. ఫొటో తీసి, ‘ఇది నా ఊహ మాత్రమే’ అని కింద రాసి గ్రూపులో పెట్టాడు. ఇంతలో గంట మోగింది. కాగితాన్ని బల్ల మీదున్న దొంతరలో దోపి పనిలో పడ్డాడు, ఆపైన మర్చిపోయాడు.

ఇంట్లో పరిస్థితి ఇంతకన్నా గడ్డుగా ఉంది. భార్య కళ్ళజోళ్ళ దుకాణంలో చూపు పరీక్ష చేస్తుంది. పొద్దున్నుంచీ ఇది స్పష్టంగా ఉందా, అది స్పష్టంగా ఉందా అని జనాన్ని అడిగి అడిగి, ఇంట్లోనూ అదే పద్ధతి పాటిస్తుంది. సోమవారం పొద్దున టిఫిను డబ్బాలు సర్దుతూ మాట తేల్చేసింది. పిల్లలిద్దరూ ఆ వ్యాను ఎక్కి బడికి వెళ్ళడానికి సిగ్గుపడుతున్నారు, తనకేమో భయంగా ఉంది. తన తమ్ముడు పనిచేసే షోరూములో బూడిదరంగు నాలుగు తలుపుల కారు మాట్లాడి పెట్టాడు. శనివారం పదకొండింటికి వెళ్ళి సంతకం పెట్టాలి.

“మీ జపానువాళ్ళు శనివారంలోగా గట్టిగా ఏదైనా చెబితే ఆగుదాం. నేను మాట తప్పను,” అంది. “చెప్పకపోతే నాలుగు తలుపులే. ఇంక ఆ రెండు తలుపుల బండి మాట ఇంట్లో ఎత్తకూడదు.”

పద్దెనిమిదేళ్ళు ఓపిక పట్టిన మనిషి పెట్టిన గడువు అది. ఒప్పుకోక తప్పింది కాదు. ఆ దిగులుతోనే వ్యాను వెనకనుంచి దిగి, దుమ్ము దులుపుకుని తన బల్ల దగ్గరికి వచ్చి చూస్తే, దొంతరే లేదు.

ఆ ఫ్యాక్టరీలో సోమవారం పొద్దున్నే మేనేజరు సంతకాలు పెడతాడు. టీ గ్లాసు ఎడమచేతిలో, కలం కుడిచేతిలో. డ్రాయింగు చూడడు, మూల పెట్టె నిండిందా లేదా అన్నదే చూస్తాడు. టీ అయిపోయేలోగా సంతకాలు అయిపోవాలి. ఆ రోజు పదిహేడు కాగితాలకు పెట్టాడు. పదిహేనూ, పదహారూ పంపు మూతలు. పదిహేడోది స్పోర్ట్స్ కారు ఇంజను. సంతకం పడిన కాగితం తిన్నగా నమూనాల మేస్త్రి దగ్గరికి పోతుంది. ఇనుము పోత పోసే ముందు ప్రతి భాగానికీ చెక్కతో నమూనా చెయ్యాలి, దాన్ని ఇసుకలో నొక్కి అచ్చు తియ్యాలి. ఆ చెక్కపని మేస్త్రిది.

స్కేలుబాబుకు ఇవేవీ తెలియవు. బల్ల కింద వెతికాడు, చెత్తబుట్ట బోర్లించాడు, ఊడ్చేవాళ్ళు పారేసి ఉంటారని సర్దిచెప్పుకున్నాడు. ఎవరినైనా అడిగితే ఏ కాగితమని అడుగుతారు. అందుకని అడగలేదు.

మంగళవారం వేరే పని మీద నమూనాల షెడ్డుకు వెళ్ళినవాడు గుమ్మంలోనే ఆగిపోయాడు. మేస్త్రి బల్ల మీద, చెక్క పొట్టు మధ్యలో, లేత పసుపురంగు దిమ్మ ఒకటి ఉంది. వరసగా మూడు గుండ్రటి నోళ్ళు. దాన్ని ఎక్కడ చూశాడో గుర్తు తెచ్చుకోవాల్సిన పని లేకపోయింది. గోడల మందం, మూలల వంపు, నడుము దగ్గర సన్నబడిన తీరు, అన్నీ తను అనుకున్నవే. కాగితం మీద గీసినప్పుడు అది వాదన మాత్రమే. ఇప్పుడు దానికి నీడ పడుతోంది.

మేస్త్రి అతనికంటే పదిహేనేళ్ళు పెద్దవాడు. చేతిలో ఉలి పట్టుకుని, ఏమైనా చెబుతాడేమో అన్నట్టు చూస్తూ నిలబడ్డాడు. తనంతట తను మాత్రం ఏమీ అడగడు. పదకొండేళ్ళ కిందట ఒకసారి ఏదో పంపు మూత గురించి, ఇది ఇలా ఎందుకుందని అడిగితే, స్కేలుబాబు నలుగురిలో కసురుకున్నాడు. గీసింది గీసినట్టు చెయ్యి మేస్త్రీ, అర్థం చేసుకోవడం నా పని అన్నాడు. ఆ రోజునుంచీ మేస్త్రి ఏ డ్రాయింగు గురించీ నోరు విప్పలేదు. పైగా, ఆ మూత నిజంగానే తప్పని ఆ తర్వాత తేలింది. స్కేలుబాబు క్షమాపణ చెబుదామనుకుంటూనే పదకొండేళ్ళు గడిపేశాడు.

ఒక్క మాట చాలు. ఇది పొరపాటున వచ్చింది, ఆపెయ్యి అంటే అక్కడితో పోయేది. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది కూడా. ఈలోగా చెయ్యి వెళ్ళి మధ్య సిలిండరు అంచు మీద వాలింది. చెక్క నున్నగా, కొంచెం వెచ్చగా ఉంది. పెట్రోలు బంకులో ముట్టుకోనిది ఇప్పుడు ముట్టుకున్నానని అతనికి అనిపించి, కళ్ళు చెమర్చాయి.

“ఎప్పటికవుతుంది మేస్త్రీ?” అన్నాడు.

“రేపు సాయంత్రానికి, బాబూ.”

తల ఊపి, తేలు కుట్టిన దొంగలా బయటికొచ్చేశాడు. ఒక్క రోజు, పూర్తయ్యాక ఒక్కసారి చూసి అప్పుడు చెప్పేస్తానని తనకు తనే మాట ఇచ్చుకున్నాడు.

బుధవారం మధ్యాహ్నం బావమరిది ఫోన్ చేశాడు. స్కేలుబాబు కారు పిచ్చిని పద్దెనిమిదేళ్ళుగా నవ్వులపాలు చేస్తున్నవాడు ఆ రోజు గొంతు తగ్గించి మాట్లాడాడు.

“బావా, నువ్వు చెప్పిందే నిజమైంది. ఆ బండి వస్తోంది. వాళ్ళ ఇంజను డ్రాయింగే బయటికొచ్చేసింది. మూడు సిలిండర్లు. మా డీలర్ల గ్రూపులో ఇప్పుడే పడింది, పంపుతున్నా చూడు.”

ఫోన్‌లో బొమ్మ వచ్చింది. ముదురు నీలం మీద తెల్లటి గీతలు, ఎవరో కంప్యూటరులో శుభ్రంగా గీసినది. మూల పెట్టె లేదు. పోతపని పంపులు చేసే ఏదో ఫ్యాక్టరీకి ఇచ్చారట అని కింద రాసి ఉంది. స్కేలుబాబు కాళ్ళు భూమ్మీద ఆనలేదు. తన ఊహకూ దీనికీ వెంట్రుకవాసి తేడా లేదు. కంపెనీవాళ్ళు, అంతంత పెద్ద ఇంజనీర్లు, తను ఆలోచించినట్టే ఆలోచించారు. అదే సమయంలో ఆ పోతపని దక్కించుకున్న పంపుల ఫ్యాక్టరీ మీద చిన్న అసూయ కూడా పుట్టింది. ఎవరో గాని అదృష్టవంతులు అనుకున్నాడు.

భార్యకు వెంటనే ఫోన్ చేశాడు. ఆమె మొదట నమ్మలేదు, తర్వాత తన తమ్ముడే పంపాడని విని మెత్తబడింది. కంపెనీవాళ్ళు స్వయంగా చెప్పారా అని అడిగింది. వాళ్ళ డ్రాయింగే బయటికొచ్చాక ఇంకా చెప్పడానికేముంది అన్నాడు. ఆమె, ఇచ్చిన మాట ఇచ్చిందే, శనివారం వద్దని తమ్ముడికి చెప్పెయ్యండి అంది. ఆ గొంతులో కోపం లేదు, నీరసం ఉంది. సంతోషంలో ఉన్న మనిషికి అలాంటివి వినపడవు.

ఆ సాయంత్రం నమూనాల షెడ్డు సంగతే మర్చిపోయి, ఆ నీలం బొమ్మను పెద్ద కాగితం మీద అచ్చు వేయించుకుని, భోజనాల బల్ల మీద పరిచి, స్కేలు తీసి కూర్చున్నాడు. జీవితంలో ఇంత ఆనందంగా ఏ డ్రాయింగునూ కొలవలేదు. సిలిండర్లు కొలిచాడు, గోడలు కొలిచాడు, బోల్టు రంధ్రాలు లెక్కపెట్టాడు. కుడివైపు అయిదు. ఎడమవైపు నాలుగు. మళ్ళీ లెక్కపెట్టాడు. నాలుగే.

ఏ దేశంలో ఏ ఇంజనుకూ ఒక పక్క అయిదు, ఒక పక్క నాలుగు బోల్టులు ఉండవు. ఎడమవైపు అయిదో రంధ్రం ఎందుకు లేదో ప్రపంచం మొత్తమ్మీద ఒక్కడికే తెలుసు. శుక్రవారం సరిగ్గా అది గియ్యబోతుండగా గంట మోగింది.

స్కేలు కింద పెట్టేశాడు. గ్రూపు తెరిచి వెనక్కి వెనక్కి వెళితే దారి మొత్తం కనిపించింది. పళ్ళ డాక్టరు ఆ ఫొటోను ఇంకో గ్రూపుకి పంపాడు. ఫొటో పంపాడే గాని కింద రాసిన ముక్క పంపలేదు. అక్కడినుంచి అది గ్రూపులు మారుతూ, ఊహ కాస్తా వార్త అయి, వార్త కాస్తా రహస్యమై, చివరికి బావమరిది చేతుల మీదుగా కన్నతండ్రి దగ్గరికే తిరిగొచ్చింది. తను పుట్టించిన పుకారును తనే నమ్మి నాలుగు తలుపుల కారు వదిలేసుకున్నాడు. వంటింట్లోంచి భార్య, ఏమైనా తేడా ఉందా అని అడిగింది. అంతా సరిగ్గానే ఉందన్నాడు.

గురువారం పొద్దున్నే మేనేజరు గదికి వెళ్ళి, జరిగింది జరిగినట్టు చెప్పేద్దామని, ఆ ఇంజను అంటూ నోరు తెరిచాడు. మేనేజరు లేచి తలుపు మూసి గొళ్ళెం పెట్టాడు.

“ఆ ఇంజను సంగతి నీకెలా తెలుసయ్యా?”

“నేను గీశాను కదండీ.”

“అదే, నీచేత గీయించారన్నమాట. మరి నాకు ఒక్క ముక్క చెప్పొద్దా?”

మేనేజరు అవస్థ వేరు. తెలియదు అన్న మాట అతని నోట ఇరవై ఆరేళ్ళలో రాలేదు. ముందురోజు కార్ల పత్రికనుంచి ఎవరో ఫోన్ చేసి, మూల పెట్టెలో ఫ్యాక్టరీ పేరున్న అసలు ఫొటో చూశామని, జపాన్ కంపెనీ ఇంజను మీ దగ్గరే పోస్తున్నారటగా అని అడిగితే, ఇప్పుడే ఏమీ చెప్పలేను అన్నాడు. దానితో వాళ్ళకు ఖాయమైపోయింది. గంటలో ఫ్యాక్టరీ యజమాని, అందరూ పెద్దాయన అని పిలిచే మనిషి, ఫోన్ చేసి ఇంత పెద్ద పని తెచ్చి నాకు చెప్పనేలేదే అని మెచ్చుకున్నాడు. మేనేజరు నమూనాల షెడ్డుకు పరిగెత్తి చూస్తే, డ్రాయింగు మీద ఉన్నది తన సంతకం. ఇది నాకు తెలియదంటే సంతకం ఎలా పెట్టావంటారు. కాబట్టి ఇది పెద్దాయన తెచ్చిన రహస్యపు పని అనీ, తనను పరీక్షిస్తున్నాడనీ నిశ్చయించుకున్నాడు. పెద్దాయనేమో అది మేనేజరు తెచ్చిన పని అనుకుంటున్నాడు. స్కేలుబాబు రెండుసార్లు అసలు సంగతి చెప్పబోయాడు. రెండుసార్లూ మేనేజరు వేలు పెదవుల మీద పెట్టుకుని, గోడలకు చెవులుంటాయన్నట్టు చుట్టూ చూశాడు. ఆ మధ్యాహ్నమే ఇనుము పోశారు.

శుక్రవారం పన్నెండింటికి పెద్దాయన వచ్చాడు. నేల కడిగి, దారి పొడుగునా సున్నపు గీతలు వేశారు. ఇసుక దులిపి శుభ్రం చేసిన ఇంజను దిమ్మను బల్ల మీద పెట్టి గుడ్డ కప్పారు. ఒక పక్క మేనేజరు, ఇంకో పక్క మేస్త్రి, వెనకాల స్కేలుబాబు. పెద్దాయన గుడ్డ తియ్యలేదు. కుర్చీ తెప్పించుకుని కూర్చున్నాడు.

“పొద్దున ఆ జపాన్ కంపెనీ ఆఫీసుకు ఫోన్ చేశాను,” అన్నాడు నెమ్మదిగా. “పని ఇచ్చినందుకు థాంక్స్ చెబుదామని. చాలా మర్యాదగా మాట్లాడారు. మనకు పనేమీ ఇవ్వలేదట. అసలు అలాంటి కారు చేసే ఆలోచనే వాళ్ళకు లేదట.”

మేనేజరు మొహంలో నెత్తురు చుక్క లేదు. ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి, నాకు తెలియదండీ అన్నాడు. అందరి చూపూ స్కేలుబాబు మీదికి తిరిగింది. అతను ముందుకొచ్చి, భోజనం వేళ గీసిన దగ్గర్నుంచి మంగళవారం ఆపగలిగీ ఆపకపోవడం దాకా ఒక్కటీ దాచకుండా చెప్పేశాడు. చెప్పి తల వంచుకున్నాడు. ఉద్యోగం కాపాడమని వేడుకుంటాడని అందరూ ఎదురుచూశారు.

“వాళ్ళు చెయ్యడం లేదన్నది ఇప్పటికేనాండీ?” అని అడిగాడు. “లేక ఇంక ఎప్పటికీ చెయ్యరా?”

పెద్దాయన కుర్చీలో ముందుకు వంగాడు. ఆ సంగతి అడగలేదయ్యా అన్నాడు, అడిగి ఉండాల్సిందన్నట్టు. తర్వాత, ఇంత కష్టపడి పోశారుగా చూద్దామని గుడ్డ లాగాడు.

స్కేలుబాబు నోరు వెళ్ళబెట్టాడు. దిమ్మ తనదే, మూడు సిలిండర్లూ తనవే. ఎడమవైపు అయిదో బోల్టు రంధ్రం కూడా వచ్చి చేరింది. కానీ ప్రతి సిలిండరు పక్కనా పైపు బిగించుకోవడానికి ఒక గుండ్రటి మూతి ఉంది. అతను గియ్యలేదు. మంగళవారం లేదు.

అప్పుడు మేస్త్రి గొంతు సవరించుకున్నాడు. పదకొండేళ్ళ తర్వాత ఒక డ్రాయింగు గురించి నోరు విప్పాడు.

“తప్పయితే క్షమించండి. మూడు పిస్టన్ల పంపు గీశారు గాని, నీళ్ళు బయటికి పోయే దారి పెట్టడం మర్చిపోయారు బాబు. ఒక బోల్టు కూడా తక్కువైంది. మంగళవారం వచ్చినప్పుడు దాన్ని పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, ఇంట్లో ఏదో కష్టమొచ్చింది, మనసు మనసులో లేదనుకున్నా. నలుగురిలో చెబితే చిన్నబోతారని నేనే సర్దేశాను.”

ఇరవై ఒక్క ఏళ్ళుగా పంపులు గీస్తున్న మనిషి ఇంకేదైనా గీస్తాడని మేస్త్రి కలలో కూడా అనుకోలేదు. స్కేలుబాబు వెళ్ళి అతని రెండు చేతులూ పట్టుకున్నాడు. ఆనాటి మూత విషయంలో నువ్వే కరెక్టు మేస్త్రీ, నాది తప్పు అన్నాడు. ఏ మూత అని మేస్త్రి అడగలేదు. ఇద్దరికీ గుర్తుంది.

పెద్దాయన ఈ లోపల కుర్చీలోంచి లేచి, ఒక్కొక్క మూతిలో వేలు పెట్టి చూస్తున్నాడు. బండ్లు కడిగే చోట్ల నీళ్ళు జోరుగా చిమ్మే పంపులు బయటినుంచి తెప్పిస్తున్నారనీ, అలాంటిది మనమే చెయ్యాలని తను రెండేళ్ళుగా మొత్తుకుంటున్నాననీ, ఇంత తేలిగ్గా ఎవరూ గీసి చూపించలేదనీ అన్నాడు. ఇది ఎంత జోరు తట్టుకుంటుందని అడిగాడు. స్కేలుబాబు గీసింది నీళ్ళ జోరుకు కాదు, పెట్రోలు మంటకు. బోలెడంత తట్టుకుంటుందన్నాడు.

మేనేజరు మొహంలోకి మళ్ళీ నెత్తురు వచ్చింది. తను అన్నీ ఆలోచించే సంతకం పెట్టానన్నాడు.

సాయంత్రం స్కేలుబాబు ఇల్లు చేరేసరికి గ్రూపు నిండా పండగలా ఉంది. కంపెనీవాళ్ళు లేదన్నారన్న కబురు అప్పటికే పొక్కింది. లేనిదాన్ని లేదని చెప్పాల్సిన అవసరం ఎవరికుంటుంది, లేదన్నారంటే ఉన్నట్టే అని పళ్ళ డాక్టరు తేల్చేశాడు. మిగతా తొమ్మిదిమందీ ఒప్పుకున్నారు. స్కేలుబాబు ఏమీ రాయకుండా ఫోన్ జేబులో పెట్టి, భార్య ఎదురుగా కూర్చున్నాడు. నీలం బొమ్మ సంగతి, బోల్టు సంగతి, పెద్దాయన ఫోన్ సంగతి చెప్పాడు. ఆ బండి రాదు అని ముగించాడు. ఆ మూడు ముక్కలూ పైకి అనడం అదే మొదలు.

ఆమె కోప్పడుతుందనుకున్నాడు. ఆమె చేతిలోని పళ్ళెం పక్కన పెట్టింది.

“ఒకటి అడుగుతాను. దాంట్లో ఎన్ని సీట్లు?”

“రెండు.”

“ఒకటి మీది. రెండోది ఎవరికి?”

స్కేలుబాబు తెల్లబోయాడు. ఇదేం ప్రశ్న అన్నట్టు, “నీకే,” అన్నాడు.

“మరి పిల్లలు?”

“అది వచ్చేసరికి వాళ్ళు పెద్దవాళ్ళయి ఎవరి బండ్లు వాళ్ళు నడుపుకుంటారుగా. మనిద్దరమే వెళ్దామని.”

ఆ బండి తన సంసారానికి పోటీ అని ఆమె పద్దెనిమిదేళ్ళుగా అనుకుంటోంది. అందులో తనకొక సీటు ఉందా అని ఆమె ఎప్పుడూ అడగలేదు, చెప్పనవసరం లేదనుకుని అతనూ చెప్పలేదు. ఆమె లేచి, తమ్ముడికి ఫోన్ చేసి శనివారం సంగతి కనుక్కుంది. వాడు అసలు రద్దే చెయ్యలేదట. అమ్మిన బండిని వెనక్కి తీసుకోవడం తన రక్తంలో లేదన్నాడట. మర్నాడు పదకొండింటికి ఇద్దరూ వెళ్ళి సంతకాలు పెట్టొచ్చారు. బూడిదరంగు కారు నాలుగు తలుపులూ లోపలినుంచే తెరుచుకున్నాయి. సోమవారం ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలాదారుకు చూసేందుకు ఏమీ మిగల్లేదు.

ఎనిమిది నెలల తర్వాత ఒక ఆదివారం ఆ కారును కడిగించడానికి తీసుకెళ్ళారు. కొత్తగా పెట్టిన చోటు, బాగా జోరుగా కడుగుతారని బావమరిది చెప్పాడు. పిల్లలు ఇంట్లోనే ఉన్నారు. కారును గట్టు మీదికి ఎక్కించి ఇద్దరూ పక్కన బల్ల మీద కూర్చున్నారు. పనివాడు స్విచ్చి వేశాడు. రేకుల గది వెనకనుంచి చప్పుడు మొదలైంది. ముందు దగ్గినట్టు, తర్వాత కొంచెం కుంటుతూ, ఆ కుంటడంలోనే ఒక లయతో, గురగురమంటూ పైకి లేచింది. స్కేలుబాబు వెన్ను నిటారయింది. వెళ్ళి చూడాల్సిన పని లేదు, అయినా వెళ్ళి చూశాడు. సిమెంటు దిమ్మకు నాలుగు బోల్టులతో బిగించి ఉంది. మూడు సిలిండర్లు. ఎక్కడికీ పోదు, అయినా ప్రాణం పెట్టి పరిగెడుతోంది.

భార్య వచ్చి పక్కన నిలబడింది. “ఇదేనా?” అని అడిగింది. ఇదే అన్నాడు. ఆమె చెవి ఒగ్గి విని, బాగుంది అంది. మాట వరసకు అనలేదు. అతను కళ్ళు మూసుకున్నాడు, పక్క సీట్లో ఆమె ఉంది. ఆమె అతని జేబులోంచి ఫోన్ తీసి పంపు దగ్గరగా పట్టుకుని, ఎంతసేపుండాలని అడిగింది. పద్నాలుగు సెకన్లు అన్నాడు. ఆమె లెక్కపెట్టి ఆపి, వద్దు వద్దంటున్నా వినకుండా, కింద ఒక్క ముక్క రాయకుండా గ్రూపులో పెట్టేసింది.

సాయంత్రానికల్లా గ్రూపులో ఆ బండికి టర్బో కూడా ఉందని తేలిపోయింది.